అంగన్‌వాడీ, ప్లేస్కూల్ పిల్లల్లో ఊబకాయం: అపోహలు - వాస్తవాలు

అపోహ: బొద్దుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే.

వాస్తవం: కంటి అంచనా పనికిరాదు, తూకం ఒక్కటీ చాలదు. నాలుగేళ్ల పాప 18 కిలోలుందనుకోండి. ఎత్తు 110 సెం.మీ. అయితే సరైన బరువే, 95 అయితే అధిక బరువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఎత్తుతో పోల్చిన బరువు +2 గీత (సగటు కన్నా ఎంత పైన ఉందో చూపే గీతల్లో ఒకటి) దాటితే అధిక బరువు, +3 దాటితే ఊబకాయం. అందుకే ఎత్తు జాగ్రత్తగా కొలవాలి. చెప్పులు తీయించి, నడినెత్తిన పిలక ఉంటే విప్పి, మడమలు ఆనించి నిలబెట్టండి. రెండేళ్లు దాటిన బిడ్డను పడుకోబెట్టి కొలిస్తే దాదాపు 0.7 సెం.మీ. ఎక్కువొస్తుంది, అసలు సంగతి మరుగున పడుతుంది.

అపోహ: మనకున్నది బక్కచిక్కిన పిల్లల సమస్యే.

వాస్తవం: ఆ సమస్య ఇంకా పెద్దదే. కానీ దేశంలో ఐదేళ్లలోపు అధిక బరువు పిల్లలు 2015-16 సర్వేలో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం.

అపోహ: ప్లేటు ఖాళీ చేయిస్తేనే మంచి టీచర్.

వాస్తవం: అన్నిటికన్నా ముందు మానాల్సింది ఈ అలవాటునే. బిడ్డ మొహం తిప్పుకుంటోందంటే కడుపు నిండిందని చెబుతోంది. అప్పుడూ "ఇదొక్క ముద్ద" అని కుక్కితే, ఆకలి తీరిందని తెలుసుకునే గుణం మెల్లగా పోతుంది. మొదట కొంచెమే వడ్డించండి, అడిగితే మళ్లీ పెట్టండి. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మన ఇష్టం. ఎంత తినాలో బిడ్డ ఇష్టం. కూర తింటే బిస్కెట్ ఇస్తామనకండి, బిస్కెటే గొప్పదనుకుంటారు. బరువు తక్కువున్న బిడ్డల సంగతి వేరు, వాళ్లకు డాక్టర్ చెప్పినట్టు పెట్టాలి.

అపోహ: రోజూ అరగంట ఆటల పీరియడ్ చాలు.

వాస్తవం: మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు 180 నిమిషాలు కదలాలి, అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా. అరగంటలో వరుసలో నిలబడటానికే సగం పోతుంది. మ్యూజికల్ చైర్స్ చూడండి: నెమ్మదిగా కదిలే బిడ్డే ముందు ఔటై కూర్చుంటుంది, ఎక్కువ ఆట కావలసిందీ ఆ బిడ్డకే! ఎవరూ ఔట్ కాని ఆటలు ఆడించండి. స్థలం లేకపోతే వరండాలో కప్పగంతులు చాలు.

అపోహ: జ్యూస్, పాలు ఎన్ని తాగినా మంచిదే.

వాస్తవం: జ్యూస్ బదులు పండు ఇవ్వండి. పాలు రోజుకు అర లీటరు దాటితే అన్నం సయించదు, ఐరన్ తగ్గుతుంది.

అపోహ: బడి పద్ధతులు మారితే బరువూ దిగుతుంది.

వాస్తవం: ఇంట్లోవాళ్లు చేయి కలపకపోతే బడి చేసేది కొంతే. పగటి కునుకుతో కలిపి 10-13 గంటల నిద్ర, గంటకు మించని టీవీ, ఫోన్: ఈ రెండూ ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉన్నాయి. బరువు తగ్గాలని అన్నం మాన్పించకండి. ఎదిగే వయసు కాబట్టి బరువు పెరగడం నెమ్మదిస్తే చాలు, ఎత్తు అందుకుంటుంది. +3 దాటినవాళ్లను మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపించండి.