బాంబు బెదిరింపు వస్తే ఆఫీసులో ఎవరికి చెప్పాలి? అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ప్రభుత్వ ఆఫీసుల సిబ్బందికి భద్రతా శిక్షణ ఇవ్వడం నా పని. అంతకుముందు పోలీసు శాఖలో బాంబు తనిఖీ బృందంలో చేశాను. ఈమధ్య కలెక్టరేట్లకు, కోర్టులకు బెదిరింపు మెయిళ్లు తరచుగా వస్తున్నాయి. వచ్చిన ప్రతిసారీ అవే మాటలు వినబడుతున్నాయి. వాటిలో కొన్ని ప్రాణాల మీదకు తెచ్చేవి.

అపోహ: అందరికీ చెబితే తొక్కిసలాట జరుగుతుంది. ముందు పెద్ద ఆఫీసర్లకు చెబితే చాలు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. సారు కారు హడావుడిగా గేటు దాటుతుంది, ఆయన సొంత ఆఫీసు, అదే పేషీ, ఖాళీ అవుతుంది, పై అంతస్తు నుంచి ఎవరో పరుగున దిగుతుంటారు, ఎందుకో ఎవరూ చెప్పరు. తోపులాట అక్కడే మొదలవుతుంది.

సోమవారం అర్జీలు తీసుకునే రోజున ఒక ఆఫీసులో కళ్లారా చూశాను. బెదిరింపు సంగతి పేషీకి తెలిసింది, సెక్షన్ల వాళ్లకు వాట్సాప్‌లో తెలిసింది. వరండాలో మాత్రం నందిగామ, తిరువూరు వైపు నుంచి తెల్లవారకుండానే బస్సెక్కి వచ్చినవాళ్లు కాగితాలు పట్టుకుని వరుసలోనే కూర్చున్నారు. "అమ్మా, లేచి బయటికి రండి" అంటే ఒక పెద్దావిడ "నా నంబరు పోద్ది బాబూ" అంది. కారణం చెబితే కదా ఆవిడ లేచేది!

ఇలా కొందరికే చెప్పడం ఎంత తప్పో ప్రపంచానికి 1988లో తెలిసింది. అమెరికా విమాన సంస్థ పాన్ యామ్ విమానంలో బాంబు పెడతారని ఆ డిసెంబర్ 5న హెల్సింకీలోని అమెరికా రాయబార కార్యాలయానికి ఫోన్ వచ్చింది. మాస్కో రాయబార కార్యాలయంలో ఆ హెచ్చరికను సిబ్బంది కోసం నోటీసు బోర్డులో పెట్టారు. మామూలు ప్రయాణికులకు ఎవరూ చెప్పలేదు. డిసెంబర్ 21న స్కాట్లాండ్‌లోని లాకర్బీ ఊరి మీద పాన్ యామ్ విమానం పేలి, నేల మీద ఉన్న 11 మందితో కలిపి 270 మంది చనిపోయారు. ఆ ఫోన్ ఉత్తిదేనని, పేలుడుతో దానికి సంబంధం లేదని తర్వాత తేల్చారు. అయినా, ఉద్యోగులకు చెప్పే హెచ్చరిక ప్రజలకు దాచకూడదన్న నియమం అమెరికా పెట్టుకుంది.

మన దగ్గర, 2011 సెప్టెంబర్ 7న ఢిల్లీ హైకోర్టులో బాంబు పేలింది ఎక్కడ? లోపలికి పాసుల కోసం జనం నిలబడ్డ రిసెప్షన్ దగ్గర. అందుకే అర్జీదారులు, ఊడ్చేవాళ్లు, క్యాంటీన్ కుర్రాడు, బయట జిరాక్స్ కొట్టువాళ్లతో సహా అందరికీ ఒకేసారి, మైకులో, వాడుక తెలుగులో చెప్పాలి: "భద్రతా కారణాల వల్ల భవనం ఖాళీ చేయిస్తున్నాం. మీ సంచులు, టిఫిన్ బాక్సులు మీ వెంట తీసుకెళ్లండి. లిఫ్టు ఎక్కవద్దు. మీ టోకెన్ నంబర్లు అలాగే ఉంటాయి." ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి.

అపోహ: ఇలాంటివి ఢిల్లీలో, ముంబైలో. మన జిల్లాల్లో ఎవరు పెడతారు?

2016 ఏప్రిల్ 7న చిత్తూరు కోర్టు ఆవరణలో పేలింది. అదే ఏడాది సెప్టెంబర్ 12న నెల్లూరు కోర్టు దగ్గర. రెండూ చిన్నవే, కానీ రెండూ మన రాష్ట్రంలోనే.

పైగా ముప్పంటే బాంబే కానక్కర్లేదు. 2019 నవంబర్ 4న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దార్ తన ఛాంబర్లోనే పెట్రోలు దాడికి బలయ్యారు. కాపాడబోయిన డ్రైవర్ కూడా దక్కలేదు. "తగలబెట్టేస్తా" అని ఒకాయన కౌంటర్ దగ్గర అరిచి వెళ్లాడంటే ఆ మాట మిగతా సెక్షన్లకూ, గేటు దగ్గరున్న హోంగార్డుకూ ఆ రోజే చేరాలి. "కోపంలో అన్నాడులే" అని వదిలేస్తున్నారు. అది నాకు చాలా బాధగా ఉంటుంది.

అపోహ: వెతకడం బాంబు స్క్వాడ్ పని, మాకేం సంబంధం?

కుక్కను తీసుకుని మేం వచ్చేసరికి బీరువాల పక్కన బిగ్ షాపర్ సంచులు, బెంచీ కింద గొడుగు, కట్టలు కట్టిన పాత ఫైళ్లు కనిపిస్తాయి. ఏది ఎవరిదో మాకేం తెలుసు? అదే అటెండర్ ఒక్క చూపులో చెప్పేస్తాడు: "ఆ సంచి రికార్డ్ రూం మేడంది, ఈ నల్లబ్యాగు మాత్రం పొద్దున లేదండీ." మాకు కావలసింది ఆ ఒక్క మాటే. లేచేటప్పుడు మీ సీటు చుట్టూ ఒకసారి చూడండి. కొత్త వస్తువు కనిపిస్తే ముట్టుకోవద్దు, నీళ్లు పోయవద్దు. దాని దగ్గర నిలబడి ఫోన్ చేయవద్దు, దూరం జరిగి చెప్పండి.

అపోహ: నిప్పుకైనా బాంబుకైనా ఒకటే గంట.

నిప్పంటుకుంటే సామాను వదిలేసి, తలుపులు మూసి పరుగెత్తాలి. బాంబు బెదిరింపైతే తలుపులు, కిటికీలు తెరిచి ఉంచి, ఎవరి సంచి వాళ్లు తీసుకెళ్లాలి. లేకపోతే ఆ సంచులన్నీ మేం అనుమానంగా చూడాల్సిందే. చేయాల్సింది వేరైనప్పుడు గంట ఒకటే ఎలా సరిపోతుంది? బాంబు సంగతి మైకులోనే చెప్పాలి. బయటికొచ్చాక బండ్ల పార్కింగ్‌లో గుమిగూడవద్దు, చేరే చోటును కూడా ముందే తనిఖీ చేయించాలి.

అపోహ: పెద్ద శబ్దం వస్తే కిటికీలోంచి చూడాలి.

1998 ఆగస్టు 7న నైరోబీలో అమెరికా రాయబార కార్యాలయం గేటు దగ్గర ముందు చిన్న పేలుడు వినిపించింది. చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లు ఏమిటో చూద్దామని కిటికీల దగ్గరికొచ్చారు. క్షణాల్లో పెద్ద బాంబు పేలింది. పగిలిన అద్దాలు తగిలి ఎంతోమందికి కళ్లు పోయాయి. శబ్దం వింటే కిటికీకి దూరంగా, గోడ చాటుకి వెళ్లండి.

అపోహ: బెదిరింపు ఫోన్ వస్తే తిట్టి పెట్టేయాలి. మెయిల్ వస్తే డిలీట్ చేయాలి.

వద్దు. మాట్లాడించండి: ఎక్కడ పెట్టావు, ఎప్పుడు పేలుతుంది, ఎలా ఉంటుంది? అన్న మాటలు అన్నట్టే రాయండి. యాస, వెనక వినబడే హారన్, రైలు కూత కూడా. మెయిల్‌ను గ్రూపుల్లో ఫార్వర్డ్ చేయకుండా అలాగే ఉంచి 112కి చెప్పండి. పేరు దాచి బెదిరించినవాడికి భారతీయ న్యాయ సంహిత 351(4) కింద, బెదిరింపు నేరానికి పడే శిక్ష మీద మరో రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. ఆ ప్రశ్నలు రాసిన కాగితం ల్యాండ్‌లైన్ పక్కనే అంటించి ఉంచండి, ఫోన్ ఎత్తేది ఔట్‌సోర్సింగ్ అమ్మాయే అయినా అప్పటికప్పుడు చూసి అడగగలిగేలా.