దారి మరవని పులులు

2009 నవంబరులో మధ్యప్రదేశ్‌లోని పెంచ్ అడవిలో ఒక మగపులికి మత్తుమందిచ్చి, వాహనంలో ఎక్కించి పన్నా అభయారణ్యానికి తెచ్చి వదిలారు. పన్నాలో ఒకప్పుడు పులులు బాగానే ఉండేవి. వేటగాళ్ల వల్ల ఆ ఏడాదికి ఒక్కటీ మిగలకుండా పోయాయి. బాంధవ్‌గఢ్, కాన్హాల నుంచి మార్చిలో తెచ్చిన రెండు ఆడపులులు అక్కడ అప్పటికే ఉన్నాయి కనుక, వాటికి జోడీగా వచ్చిన, టి-3 అని పేరు పెట్టిన ఈ మగపులి కూడా నిలుస్తుందని అధికారులు ఆశించారు. అది కొన్ని రోజులు అటూ ఇటూ తిరిగి దక్షిణ దిక్కు పట్టింది. పెంచ్ ఉన్నది ఆ దిక్కునే. ఊళ్లూ పొలాలూ దాటుకుంటూ అది పోతూ ఉంటే, అటవీ సిబ్బంది ఏనుగుల మీదా కాలినడకనా, దాని మెడకున్న రేడియో కాలర్ పంపే సంకేతాన్ని పట్టుకుని వారాల తరబడి వెంట తిరిగారు. డిసెంబరు చివర్లో దమోహ్ ప్రాంతపు అడవుల్లో మళ్లీ మత్తిచ్చి వెనక్కి తెచ్చారు. అప్పటి క్షేత్ర సంచాలకుడు ఆర్. శ్రీనివాసమూర్తి బృందం ఈసారి ఆడపులి మూత్రాన్ని అడవిలో అక్కడక్కడా చల్లించింది. టి-3 ఆగింది, జోడీ కట్టింది, 2010 ఏప్రిల్‌లో పన్నాలో పులిపిల్లలు పుట్టాయి. ఇప్పుడు అక్కడ 50కి పైగా పులులున్నాయి.

పులికైనా చిరుతకైనా అడవి వాసనలతో రాసిన ఉత్తరాల వంటిది. చెట్టు మొదట్లో చిమ్మిన మూత్రం, బెరడు మీద గోళ్ల గీతలు, దారి పక్కన కాళ్లతో గీరిన మన్ను, ఇవన్నీ ఇక్కడ ఉన్నది ఆడో మగో, వచ్చి ఎంతసేపయిందో, ఎదకు వచ్చిందో లేదో దారిన పోయే మరో జంతువుకు తెలియజేస్తాయి. కొత్తచోట దింపిన జంతువుకు అయితే తన జాతి వాసనే తగలదు, లేదంటే అప్పటికే మరొకటి ఏలుకుంటున్న నేల ఎదురవుతుంది. మొదటిదైతే అది పుట్టిన చోటు వెతుక్కుంటూ బయలుదేరుతుంది, రెండోదైతే పోరాడాలి లేదా పారిపోవాలి. ఏ దారి పట్టినా తెలియని ఊళ్ల మధ్య, ఎక్కడ నీరుందో ఎక్కడ మనుషులుంటారో ఎరుగకుండా, బెదురుతూ తిరగక తప్పదు.

బెంగళూరులో ఉంటున్న నాకు ఈ సంగతి దూరపు అడవుల విషయంగా తోచదు. బన్నేరుఘట్ట రోడ్డు, కనకపుర రోడ్డు, ఆనేకల్ వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చిరుతపులి వీడియో అప్పుడప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. గేటు ముందు కుక్కలు ఒక్కసారిగా మొరుగుతాయి, కాంపౌండు గోడ మీద ఒక నీడ కదులుతుంది, వీడియో అంతటితో ముగుస్తుంది. దాని కింద వచ్చే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: పట్టుకుని అడవిలో వదిలేయవచ్చు కదా! పిల్లలున్న ఇంటివాళ్లు అలా అనడంలో తప్పేమీ లేదు. కానీ ఆ కోరికకు అర్థం, పన్నాలో ఏళ్ల తరబడి కాపలాతో, కాలర్లతో చేసిన పనిని ఏ ఏర్పాటూ లేకుండా ఒక్క రాత్రిలో చేయమనడమే.

అలా చేస్తే ఏమవుతుందో మహారాష్ట్రలోని జున్నర్ చూపించింది. చెరకు తోటల్లో తిరిగే చిరుతలను 2001 నుంచి పెద్ద ఎత్తున పట్టి, దూరపు అడవుల్లో వదిలారు. అంతకుముందు ఏడాదికి సగటున 4 దాడులు జరిగే చోట తర్వాతి సంవత్సరాల్లో అవి ఏడాదికి 17కు పెరిగాయి. అంతకుముందు దాడులు పెద్దగా లేని ఊళ్లలో కూడా, వదిలిన చోట్లకు దగ్గరలో, మనుషులు గాయపడ్డారు. వన్యప్రాణి శాస్త్రవేత్త విద్యా ఆత్రేయ, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన ఈ పరిశోధన, చిరుతల విషయంలో మన దేశపు ఆలోచననే మార్చిందని నేననుకుంటాను. 2009లో వాళ్లు రేడియో కాలర్ వేసి మాల్షేజ్ ఘాట్ దగ్గర వదిలిన ఒక ముసలి మగ చిరుత, రహదారులూ రైలు పట్టాలూ దాటుకుంటూ 120 కిలోమీటర్లకు పైగా నడిచి ముంబయి అంచునున్న సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనానికి చేరింది. మహారాష్ట్రలోనే అకోలే ప్రాంతపు పొలాల్లో జరిగిన మరో అధ్యయనంలో 100 చదరపు కిలోమీటర్లకు దాదాపు 5 పెద్ద చిరుతలున్నాయని తేలింది. వాటి ఆహారంలో అన్నిటికంటే పెద్ద వాటా ఊరకుక్కలది.

ఈ చివరి విషయం దగ్గర బెంగళూరువాసులు కాస్త ఆగి ఆలోచించాలి. నగరం అంచున చెత్త పోగుపడిన చోట కుక్కలూ పందులూ పెరుగుతాయి, వాటి కోసం చిరుత వస్తుంది. చెత్తను అలాగే ఉంచి చిరుతను మాత్రం తొలగిస్తే, ఖాళీ అయిన నేలలోకి మరో చిరుత, చాలాసార్లు అనుభవం లేని కుర్ర చిరుత, వచ్చి చేరుతుంది. 2016 ఫిబ్రవరిలో నగరం తూర్పు వైపున ఒక పాఠశాలలోకి చిరుత వచ్చినప్పుడు దాన్ని పట్టడానికి గంటల సమయం పట్టింది, పట్టబోయినవాళ్లు గాయపడ్డారు. మత్తుమందు సూదిగుచ్చగానే పనిచేయదు. ప్రశాంతంగా ఉన్న జంతువుకే పది పదిహేను నిమిషాలు పట్టవచ్చు, భయంతో, కోపంతో ఉన్నదానికి ఇంకా ఎక్కువ. చుట్టూ గుమిగూడి అరిచే జనం ఆ వ్యవధిని పెంచుతారు. 2023లో కూడ్లు గేట్ దగ్గర కనబడిన చిరుత, పట్టుకునే ప్రయత్నంలో తూటా తగిలి చనిపోయింది. ఫోన్ కెమెరాతో పరుగెత్తకుండా తలుపు వేసుకుని, అటవీశాఖకు కబురు చేసి ఇంట్లో ఉండడం ఆ జంతువుకూ, దాన్ని పట్టే సిబ్బందికీ మనం చేయగల పెద్ద సాయం.

భయం నిజమైనదే. 2023 ఆగస్టులో అలిపిరి నడక దారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఇక్కడి నుంచి ఏటా కాలినడకన కొండెక్కే కుటుంబాలలో ఆ వార్త విని వణకనివాళ్లు లేరు. ఆ తర్వాత బోనులు పెట్టి చిరుతలను పట్టారు, భక్తులకు చేతికర్రలిచ్చారు, పిల్లలతో నడిచే వేళలకు హద్దు పెట్టారు. ఈ మూడింటిలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది వేళల హద్దే. చిరుత ఎక్కువగా చీకటి మసకలో తిరుగుతుంది, చిన్న ఎత్తున్న ప్రాణిని ఎంచుకుంటుంది. ఆ వేళ పిల్లలు పెద్దల చేయి వదలకుండా ఉంటే ప్రమాదం చాలా తగ్గుతుంది.

జంతువును తెచ్చి వదలడంలో ప్రజల సంగతి మరిచిపోతే ఏమవుతుందో ఒడిశాలోని సత్కోసియా పులుల అభయారణ్యంలో తెలిసింది. 2018లో కాన్హా నుంచి మగపులిని, బాంధవ్‌గఢ్ నుంచి ఆడపులిని అక్కడికి తెచ్చారు. కొద్ది నెలల్లో ఒక మహిళ ప్రాణం పోయింది, ఊళ్లు తిరగబడ్డాయి, నవంబరులో మగపులి చనిపోయింది. ఆడపులిని ఆవరణలో బంధించి, చివరికి 2021లో మధ్యప్రదేశ్‌కు తిప్పి పంపారు. రాజస్థాన్‌లోని సరిస్కాకు 2008లో హెలికాప్టర్‌లో తెచ్చిన మొదటి మగపులి 2010లో విషానికి బలయింది. తర్వాత 2012 వరకు అక్కడ పులిపిల్లలు కనబడలేదు. సరిస్కా మెల్లగా కోలుకుంది.

ఆఫ్రికా చీతాలను తెచ్చి వదిలిన మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ ఉద్యానవనానిది స్థలం చిక్కు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి 8, మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 చీతాలు వచ్చాయి. కూనో విస్తీర్ణం 748 చదరపు కిలోమీటర్లు. అక్కడ 21 చీతాలు ఉండగలవని ప్రణాళిక అంచనా. ఆఫ్రికాలో కంచెలు లేని నేలల్లో చీతాలు సుమారు 100 చదరపు కిలోమీటర్లకు ఒకటి చొప్పున మాత్రమే ఉంటాయని, బెంగళూరులో పనిచేసే రవి చెల్లం సహా కొందరు శాస్త్రవేత్తలు ముందే హెచ్చరించారు. తర్వాత చీతాలు పొరుగు జిల్లాల పొలాల్లోకి పదేపదే వెళ్లాయి. ఆఫ్రికా చలికాలానికి అనుగుణంగా పెరిగిన మందపాటి బొచ్చు మన వానాకాలంలో తడిసి, కాలర్ కింద పుండ్లు పడి, కొన్ని చీతాలు చనిపోయాయి. ఇక్కడే పుట్టిన పిల్లలు ఇప్పుడు పెరుగుతున్నాయి, అది సంతోషించదగిన విషయం; అయినా వాటికి చాలినంత నేల ఎక్కడుందన్న ప్రశ్న అలాగే ఉంది.

ఆనేకల్, తళి, డెంకణికోట వైపు తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు తరతరాలుగా అడవి అంచున ఉన్నాయి. వాళ్లకు చిరుత అంటే మేకల దొడ్డి గురించిన బెంగ. ముళ్లకంప కట్టి పైభాగం వదిలేసిన దొడ్డిలోకి చిరుత పైనుంచి దూకితే, బయటికి పోలేక కలవరపడే మందలో అది తినగలిగిన దానికంటే ఎక్కువ మేకలను చంపేస్తుంది. ఒక్క రాత్రితో ఇంటి ఏడాది ఆదాయం పోతుంది. నాలుగు వైపులా, పైన కూడా ఇనుప వల బిగించి, గట్టి తలుపు పెట్టిన దొడ్డి ఈ నష్టాన్ని దాదాపు ఆపేస్తుంది. బందీపుర, నాగరహొళె అంచు ఊళ్లలో బెంగళూరు సంస్థ సెంటర్ ఫర్ వైల్డ్‌లైఫ్ స్టడీస్ 2015 నుంచి నడుపుతున్న వైల్డ్ సేవె పథకం, రైతు ఫోను చేస్తే ఇంటికి వచ్చి ప్రభుత్వ పరిహారం దరఖాస్తు నింపి పెడుతుంది. పోయిన మేకకు డబ్బు త్వరగా చేతికందిన రైతు విషం పెట్టే ఆలోచన దగ్గరికి రాడు. వన్యప్రాణుల కోసం నగరంలో ఇచ్చే ఏ విరాళమైనా ముందు ఇటువంటి దొడ్లకు, ఇటువంటి దరఖాస్తులకు చేరాలని నా కోరిక.

బన్నేరుఘట్ట ఉద్యానవనం సుమారు 260 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన అది కావేరి వన్యప్రాణి అభయారణ్యం వైపు సాగే అడవులతో కలుస్తుంది. ఒకటిన్నర, రెండేళ్ల వయసులో తల్లిని విడిచిన చిరుతపిల్ల తన నేల వెతుక్కుంటూ పోవలసింది ఆ దారినే. ఉద్యానవనం చుట్టూ, నిర్మాణాలపై ఆంక్షలుండే పర్యావరణ సున్నిత మండలాన్ని 2016 ముసాయిదాలో 268 చదరపు కిలోమీటర్లకు పైగా ప్రతిపాదించి, 2020 తుది ప్రకటనలో 168కి కుదించారు. వదిలేసిన 100 చదరపు కిలోమీటర్లలో ఇప్పుడు లేఅవుట్లు వేయడానికి అడ్డు తక్కువ, ఈ వైపు ప్లాట్లు కొంటున్నవాళ్లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. కొనబోయే సర్వే నంబరు అడవి హద్దుకు ఎంత దూరంలో ఉందో, ఆ భూమి మీదుగా ఏనుగులూ చిరుతలూ నడిచే దారి ఉందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే అటవీశాఖ పటం తెప్పించుకుని చూడవచ్చు, అటువంటి దారి ఉంటే ఆ ప్లాటు వదులుకోవచ్చు.