‘టెన్షన్’ అనే మూటలో ఏముంది?

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదివే పిల్లవాణ్ణి ఎలా ఉన్నావని అడిగితే ‘కొంచెం టెన్షన్‌గా ఉంది’ అనే జవాబు తరచుగా వస్తుంది. వారాంతపు పరీక్షలో ర్యాంకు పడిపోయినా అతను అదే మాట అంటాడు, ప్రాణస్నేహితుడు రెండు రోజులుగా ముఖం చాటేసినా అదే మాట అంటాడు, రాత్రి స్టడీ అవర్ ముగిశాక హాస్టల్ మంచం మీద ఇల్లు గుర్తొచ్చి నిద్ర పట్టకపోయినా మర్నాడు ఫోనులో అమ్మకు చెప్పేది ఆ మాటే. దానికి పెద్దల దగ్గర సిద్ధంగా ఉండే సమాధానం కూడా ఒకటే: ‘టెన్షన్ పడకు నాన్నా, అంతా మంచే జరుగుతుంది.’ ప్రేమతోనే అంటారు, సందేహం లేదు. అయితే మూడు వేర్వేరు బాధలను ఒకే మూటగా కట్టి మన ముందు పెట్టినప్పుడు, ఆ మూట విప్పకుండా ఇచ్చే ఓదార్పు మూడింటిలో ఏ ఒక్కదానికీ అందదు.

తెలుగులో ఈ స్థితులకు విడివిడిగా పేర్లున్నాయి. గాబరా ఒంట్లో పుడుతుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, కాసేపటికి సర్దుకుంటుంది. దిగులు అలా కాదు, రోజుల తరబడి తిష్ఠ వేస్తుంది, అన్నం మీద ధ్యాస లేకుండా చేస్తుంది. బెంగకు ఎప్పుడూ ఒక మనిషో ఊరో కారణంగా ఉంటుంది. కొత్తగా హాస్టల్లో చేరిన పిల్ల ఇంటి మీద బెంగపెట్టుకుంటుందే తప్ప గణితం మీద బెంగపెట్టుకోదు. ఉక్రోషంలో కోపంతో పాటు ఏమీ చేయలేని నిస్సహాయత కలిసి ఉంటుంది. ఆందోళన ఇంకా జరగనిదాని చుట్టూ తిరుగుతుంది. ‘టెన్షన్’ అనే ఇంగ్లీషు మాట మీద నాకు కోపమేమీ లేదు, ఇప్పుడది తెలుగు మాటే. కాకపోతే ఇన్ని మాటలు చేసే పనిని ఒక్కదాని మీద వేయడం వల్ల నష్టపోతున్నది మన పిల్లలు.

ఇది కేవలం భాషాభిమానంతో అంటున్న మాట కాదు. ఐదేళ్ళ పిల్లల నుంచి పాతికేళ్ళ యువకుల వరకు తమకు కలిగే భావాలను ఎంత స్పష్టంగా వేరుచేసి చెప్పగలరో పరిశీలించి, ఎరిక్ నూక్, ఆయన సహచరులు 2018లో ఒక ఆసక్తికరమైన ఫలితాన్ని ప్రకటించారు. ఆ సామర్థ్యం వయసుతో పాటు నిలకడగా పెరగదట. బాల్యం నుంచి కౌమారానికి వచ్చేసరికి తగ్గి, యౌవనంలో మళ్ళీ పెరుగుతుందట. చిన్నపిల్లలు ఒక సమయంలో ఒకే భావం కలుగుతున్నట్టు చెబుతారు: కోపమైతే కోపం, భయమైతే భయం. కౌమారంలో అనేక భావాలు ఒకేసారి ముసురుకుంటాయి, కానీ వాటిని విడదీసి చూసే నేర్పు అప్పటికి ఇంకా కుదరదు. అంటే ‘టెన్షన్’ అని ఊరుకునే పిల్లవాడు ఏదో దాస్తున్నాడని అనుకోనక్కర్లేదు, అతనికి లోపల నిజంగానే అంతా కలగాపులగంగా ఉండవచ్చు.

పేరు పెట్టడం వల్ల ఒరిగేదేమిటని అడగవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన మెదడు చిత్రీకరణ ప్రయోగంలో, కోపంగానో భయంగానో ఉన్న ముఖాలను చూపించి ఆ భావానికి పేరు చెప్పమన్నప్పుడు, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగంలో చురుకుదనం తగ్గింది. నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో ఒక భాగం చురుకైంది. సాలీడంటే హడలిపోయేవారి మీద 2012లో ఇదే కోవలో మరో ప్రయోగం జరిగింది. సాలీడు ముందు నిలబడి ‘నాకు భయంగా ఉంది, అది నా మీదికి దూకుతుందేమో’ అని ఉన్నదున్నట్టు పలికినవారికి, ఆ తర్వాత వారం గడిచాక చూస్తే, ‘అదేం చేస్తుంది, చిన్న పురుగేగా’ అని సర్దిచెప్పుకున్నవారి కంటే శరీరంలో భయపు స్పందన తక్కువగా కనిపించింది. భయపడకు అని చెప్పుకోవడం కంటే భయపడుతున్నాను అని ఒప్పుకోవడమే ఎక్కువ ఉపకరించిందన్న మాట. అయితే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పూర్తిగా పరిణతి చెందడానికి ఇరవయ్యో పడి సగం వరకు పడుతుంది కాబట్టి, పదహారేళ్ళ వయసులో ఈ పని దానంతట అది జరగదు, పక్కన కూర్చుని అడిగే మనిషి కావాలి.

పేర్లు వేరైతే ఉపాయాలూ వేరవుతాయి. గాబరానే తీసుకుందాం. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చేతికందగానే గుండె వేగం పెరగడం, నోరెండిపోవడం, కడుపులో తిప్పినట్టుండటం వంటివన్నీ, పోరాడడానికో పారిపోవడానికో శరీరం సిద్ధమయ్యే పద్ధతిలో భాగమని శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ వందేళ్ళ క్రితమే వివరించారు. ఈ వ్యవస్థ మన ఆజ్ఞలు వినదు. గుండెను నెమ్మదించమని ఎంత గట్టిగా చెప్పుకున్నా అది లెక్కచేయదు. కానీ దాని దగ్గరికి ఒక పక్కదారి ఉంది, అది శ్వాస. మణికట్టు మీద వేళ్ళుంచి నాడి చూసుకుంటూ నెమ్మదిగా ఊపిరి పీల్చి, ఇంకా నెమ్మదిగా వదిలిపెట్టండి. పీల్చేటప్పుడు నాడి కాస్త త్వరపడడం, వదిలేటప్పుడు కాస్త మందగించడం చాలామందికి, ముఖ్యంగా చిన్న వయసువారికి, వేళ్ళకే తెలుస్తుంది. ఊపిరి వదిలే సమయంలో, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం గుండెకు కళ్ళెం బిగిస్తుంది. ఈ నరం గుండెను నెమ్మదింపజేసేది ఒక రసాయనం ద్వారానని ఓటో లోవీ కప్ప గుండెలతో చేసిన ప్రయోగం ద్వారా 1921లో చూపించారు. ఒక గుండె వేగస్ నరాన్ని ప్రేరేపించి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండెకు చేరిస్తే అది కూడా మందగించింది. ఆ కృషికి ఆయనకు 1936లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

కాబట్టి ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అని మనం ఇచ్చే సలహాలో సగమే నిజముంది. గాబరాలో ఉన్నవారు అప్పటికే అతిగా పీలుస్తుంటారు, వాళ్ళకు కావలసింది నిదానంగా వదలడం. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి ఆరేడు అంకెలు లెక్కపెడుతూ వదిలితే, నాలుగైదు నిమిషాల్లో ఒంట్లో తేడా తెలుస్తుంది. అయితే పరీక్ష హాల్లో మొదటిసారి ప్రయత్నిస్తే ఇది పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. ఈత చెరువులో నేర్చుకోవాలి గాని వరదలో కాదు. ఏ ఒత్తిడీ లేని రోజుల్లో, పడుకోబోయే ముందో బస్సులో కూర్చున్నప్పుడో అలవాటు చేసుకున్నవారికే అవసరమైన ఘడియలో అది గుర్తుకు వస్తుంది.

ఆందోళన సంగతి వేరు, అది తలలో జరిగే పని. ‘ర్యాంకు రాకపోతే?’ అన్న ఆలోచనను తోసేయాలని చూసిన ప్రతిసారీ అది రెట్టింపు బలంతో వస్తుంది. కోతిని తలచుకోకుండా మందు తాగాలన్న షరతు ఎంత అసాధ్యమో మన పెద్దలకు తెలుసు. డేనియల్ వెగ్నర్ 1987లో కోతికి బదులు తెల్ల ఎలుగుబంటితో ఆ సంగతినే పరీక్షించారు. ఐదు నిమిషాల పాటు దాన్ని తలచుకోవద్దని చెప్పినవారికి అది మాటిమాటికీ గుర్తొచ్చింది. పైగా తర్వాత తలచుకోవచ్చని అనుమతించినప్పుడు, మొదటి నుంచీ తలచుకున్నవారి కంటే వీరికే ఎక్కువసార్లు గుర్తుకొచ్చింది. ‘టెన్షన్ పడకు’ అనే హితవు ఎందుకు పనిచేయదో ఇంతకంటే వివరించనక్కర్లేదు.

తోసేయడం కాకపోతే మరేం చేయాలి? కాగితం మీద పెట్టవచ్చు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జెరార్డో రమీరెజ్, సైయన్ బైలాక్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిదో తరగతి విద్యార్థులను జీవశాస్త్ర పరీక్షకు ముందు పది నిమిషాల పాటు ఆ పరీక్ష గురించిన తమ భయాలను రాయమన్నారు. మామూలుగా పరీక్షలంటే బాగా భయపడే పిల్లల మార్కులు, వేరే విషయం రాసిన అటువంటి పిల్లల మార్కుల కంటే మెరుగ్గా వచ్చాయి. లెక్క చేసేటప్పుడు సంఖ్యలను మనసులో నిలుపుకొనే చోటునే ఆందోళన కూడా ఆక్రమిస్తుంది. కాగితం మీదికి దిగితే అక్కడ కొంత ఖాళీ అవుతుందని వారి వివరణ. మరో ఉపాయం థామస్ బోర్కోవెక్ 1983లో పరీక్షించినది: రోజూ ఒకే వేళకు, ఒకే చోట, అరగంట సేపు చింతించడానికే కేటాయించుకోవడం, మిగతా సమయంలో వచ్చిన చింతను ఆ వేళకు వాయిదా వేయడం. వినడానికి వింతగా ఉంటుంది గాని, ‘వద్దు’ అనడం కంటే ‘సాయంత్రం ఆరింటికి’ అనడానికి మనసు తేలికగా ఒప్పుకుంటుంది. ఆ వేళ పడుకునే సమయానికి దగ్గరగా ఉండకూడదు.

నిద్ర ప్రస్తావన వచ్చింది కాబట్టి హాస్టళ్ళ దినచర్య గురించి ఒక మాట చెప్పాలి. కౌమారంలో నిద్రను పిలిచే మెలటోనిన్ అనే హార్మోను బాల్యంలో కంటే ఒకటి రెండు గంటలు ఆలస్యంగా విడుదలవుతుంది. రాత్రి పదకొండు దాటినా పిల్లలు నిద్రపోకపోవడం, తెల్లవారుజామున లేవలేకపోవడం పూర్తిగా బద్ధకం కాదు, అందులో శరీరధర్మం చాలా ఉంది. 13 నుంచి 18 ఏళ్ళ వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రావైద్యులు చెబుతున్నారు. కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉన్నత పాఠశాలలు ఉదయం 8:30 కంటే ముందు మొదలు కాకూడదనే చట్టం 2022 జూలై నుంచి అమలవుతోంది. రాత్రి పదకొండుకు చదువు ఆపించి తెల్లవారి ఐదుకు మళ్ళీ పుస్తకం పట్టించే మన పద్ధతి, చదివింది జ్ఞాపకంలో స్థిరపడే సమయాన్నే కోసేస్తోంది. ఇంత ఖరీదైన చదువులో ఇంత చవకబారు పొరపాటు ఎందుకు కొనసాగుతోందో నాకు అర్థం కాదు.

దిగులుకు ఊపిరితో, కాగితంతో పెద్దగా పని జరగదు. మనసు బాగుపడ్డాక బయటికి వెళ్దామని దిగులు అంటుంది. ఆ క్రమాన్ని తిరగేయాలని పీటర్ లూయిన్‌సన్ వంటి మనస్తత్వవేత్తలు 1970లలోనే చెప్పారు. ఇష్టం లేకపోయినా పది నిమిషాలు షటిల్ ఆడడం, మేడ మీద నాలుగు చుట్లు తిరగడం వంటి చిన్న పని ముందు చేస్తే, ఉత్సాహం దాని వెనకాల వస్తుంది. బెంగకు మందు మనిషే. వారానికొకసారి నిఘా మధ్య మూడు నిమిషాల ఫోను దానికి చాలదు.

స్నేహితులతో చెప్పుకోవడం మంచిదే, కానీ అందులో కూడా ఒక మెలిక ఉంది. ఒకే బాధను ఇద్దరు స్నేహితులు గంటల తరబడి తిరగేసి మరగేసి మాట్లాడుకుంటే వారి స్నేహం గట్టిపడుతుంది, దానితో పాటు దిగులు కూడా పెరుగుతుందని అమాండా రోజ్ 2002లో మొదలుపెట్టిన పరిశోధనల్లో తేలింది. ‘ఇప్పుడేం చేద్దాం?’ అన్న ప్రశ్న ఎప్పటికీ రాని సంభాషణలకే ఈ ఇబ్బంది.

ఈ మెళకువలన్నిటినీ ఒక పాఠంగా అచ్చువేసి తరగతి అంతటికీ చెప్పేస్తే సరిపోదా? బ్రిటన్‌లో 85 పాఠశాలల్లో, 8,000 మందికి పైగా విద్యార్థులతో ధ్యానాభ్యాసంపై జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. మామూలు బోధన కంటే అది మెరుగని తేలలేదు, చాలామంది పిల్లలు ఇంటి దగ్గర అభ్యాసమే చేయలేదు. మన దేశంలో బిహార్‌లోని నలందా జిల్లాలో సుమారు 75 ఉన్నత పాఠశాలల్లో ‘సెహర్’ పేరుతో జరిగిన ప్రయోగం ఇంకో దారి చూపింది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉపాధ్యాయులకు, కొన్ని బడుల్లో శిక్షణ పొందిన సామాన్య సలహాదారులకు అప్పగించారు. వీరు మానసిక నిపుణులు కారు. పిల్లలు తమ ఇబ్బందులు రాసి వేయడానికి ఒక పెట్టె పెట్టారు, గోడపత్రిక నడిపారు, అడిగినవారితో విడిగా మాట్లాడారు. సలహాదారులున్న బడుల్లో దిగులు, తోటివారి వేధింపులు తగ్గాయి. ఉపాధ్యాయులకు అప్పగించిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదని 2018లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. మార్కులు వేసే మనిషికి మనసు విప్పడం ఎవరికైనా కష్టమే అని నేను దీన్ని అర్థం చేసుకున్నాను. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల సలహాదారు ఉండాలని చెప్పడం, మార్కులను బట్టి పిల్లలను బ్యాచీలుగా విడదీయవద్దనడం ఈ దృష్టితో చూస్తే మరింత అర్థవంతంగా ఉంటాయి.

ఇంట్లోవాళ్ళు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. రెండు వారాలకు మించి దిగులు వదలకపోవడం, ఇష్టమైన ఆట మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి తలకిందులు కావడం, ‘నేను లేకపోతే అందరికీ హాయి’ వంటి మాటలు రావడం: ఇక్కడ ఇంటి ఉపాయాలు ఆపి వైద్యుణ్ణి కలవాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది తల్లిదండ్రులు జంకుతారు. న్యూయార్క్ రాష్ట్రంలో 2,000 మందికి పైగా ఉన్నత పాఠశాల విద్యార్థులతో జరిపిన అధ్యయనం 2005లో ఆ భయం నిరాధారమని చూపింది. ఆ ప్రశ్న అడగడం వల్ల పిల్లల్లో బాధ గాని ఆ ఆలోచనలు గాని పెరగలేదు.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలే చేయవచ్చు, వారి గురించి తల్లిదండ్రులూ చేయవచ్చు. ఏం చెప్పాలో ముందే సిద్ధం చేసుకోనక్కర్లేదు. ‘టెన్షన్‌గా ఉంది’ అన్న దగ్గరే మొదలుపెట్టవచ్చు, ఎన్నాళ్ళ నుంచి, ఏ వేళలో, నిద్ర ఎలా పడుతోంది అని అవతలివారు అడుగుతూ పోతారు.