ఒక రన్‌వేకి రెండు విమానాలు: ఫైనల్లో ఢీకొనే ప్రమాదంపై అపోహలు – వాస్తవాలు

పిల్లల్ని పైలట్ శిక్షణకు పంపాలనుకునే తల్లిదండ్రులు తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా మొదట అడిగేది ఒకటే: "గాల్లో ఇంజిన్ ఆగిపోతే ఎట్లా సార్?" రెండు విమానాలు ఒకే రన్‌వేకి ఒకేసారి దిగబోతే ఎట్లా అని అడిగేవాళ్ళు తక్కువ. 2025 జులై 8న కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో, స్టైన్‌బాక్ దగ్గర ల్యాండింగ్ సాధన చేస్తున్న రెండు శిక్షణ సెస్నాలు ఢీకొని ఇద్దరు విద్యార్థి పైలట్లూ చనిపోయారు. వాళ్ళలో ఒకరు కేరళ కుర్రాడు. ఇంజిన్ ఆగితే ఏం చేయాలో మొదటి నెల నుంచే నూరిపోస్తాం. ఈ రెండో ప్రమాదం మీద మాత్రం విద్యార్థుల్లోనే కాదు, లైసెన్సు ఉన్నవాళ్ళలో కూడా తప్పుడు నమ్మకాలు చాలా ఉన్నాయి.

అపోహ: ఆకాశం అంత పెద్దది. రెండు చిన్న విమానాలు తగులుకోవడమంటే ఖర్మే.

ఆకాశం పెద్దదే, రన్‌వే మాత్రం ఒకటి. చెన్నై రోడ్డు నుంచి వచ్చినా, కడప రోడ్డు నుంచి వచ్చినా కొండెక్కే బండ్లన్నీ అలిపిరి టోల్‌గేటు దగ్గర ఒక్కచోటికి చేరాల్సిందే కదా, ఫైనల్ (రన్‌వేకి ఎదురుగా నేరుగా దిగే చివరి దారి) కూడా అంతే. అందరూ ఇంచుమించు మూడు డిగ్రీల వాలులోనే దిగుతారు కాబట్టి రన్‌వేకి మూడు నాటికల్ మైళ్ళ దూరంలో ఎవరైనా నేలకు సుమారు 950 అడుగుల ఎత్తులో ఉంటారు. ఒక మైలు దూరంలో 300 అడుగుల చిల్లర. ఎంత పద్ధతిగా నడిపితే అంత కచ్చితంగా ఇద్దరూ ఒకే గీత మీదికి, ఒకే ఎత్తుకి వస్తారు. పద్ధతిగా నడపడమే ఇద్దర్నీ దగ్గరికి చేర్చే చోటు విమానయానంలో ఇదొక్కటేనేమో.

అపోహ: ఇలాంటివి మబ్బుల్లో, పొగమంచులో జరుగుతాయి. ఎండ కాస్తుంటే భయం లేదు.

తలకిందుల మాట. చిన్న విమానాలు గాల్లో ఢీకొన్న ఘటనల్లో ఎక్కువ భాగం పట్టపగలు, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, విమానాశ్రయానికి దగ్గర్లో, తక్కువ ఎత్తులో జరిగినవే. వాతావరణం బాగుంటేనే చిన్న విమానాలు బయటికొస్తాయి, అది ఒక కారణం. రెండోది సూర్యుడు.

మన రేణిగుంట రన్‌వే 08/26, అంటే దాదాపు తూర్పు పడమరలు. ఏప్రిల్ మధ్యలో, మళ్ళీ ఆగస్టు చివర్లో, పొద్దున్నే 08 మీదికి, అంటే తూర్పు ముఖంగా, దిగే పైలట్‌కి ఉదయించే సూర్యుడు ఇంచుమించు రన్‌వే గీతలోనే ఉంటాడు. ఫిబ్రవరి చివర, అక్టోబరు మధ్యలో సాయంత్రం 26 మీదికి, పడమర ముఖంగా, దిగితే అస్తమించే సూర్యుడిదీ అదే వరస. ముందు వెళ్తున్న తెల్ల సెస్నా ఆ వెలుతురులో కలిసిపోతుంది. ఇక వాయవ్యాన ఉన్న శేషాచలం కొండల సంగతి. ఆకాశం మీద నల్లగా కనిపించే విమానం కొండ ముందుకి రాగానే చెట్ల రంగులో మాయమవుతుంది. మీకంటే పైన ఉన్నది తొందరగా కంటబడుతుంది, కింద ఊళ్ళ మీద, పొలాల మీద వెళ్తున్నది ఆలస్యంగా. అందుకే ల్యాండింగ్ లైట్ రాత్రికి దాచుకోకూడదు. సర్క్యూట్‌లో (దిగడానికి రన్‌వే పక్కగా చుట్టి వచ్చే దారిలో) ఉన్నంతసేపూ పగలైనా వెలుగుతూనే ఉండాలి.

అపోహ: కళ్ళు బాగుంటే చాలు, వస్తున్నది కనబడకపోతుందా?

కదిలే వస్తువుని కన్ను ఇట్టే పట్టుకుంటుంది. చిక్కేమిటంటే, మిమ్మల్ని ఢీకొట్టబోయే విమానం మీ అద్దంలో కదలదు. రెండూ ఒకే బిందువు వైపు స్థిరమైన వేగంతో వస్తుంటే అది అద్దం మీద ఒకే చోట చుక్కలా నిలబడి ఉంటుంది, చివరి కొన్ని సెకన్లలో ఒక్కసారిగా పెద్దదవుతుంది. అద్దం మీది పురుగు మరకనుకుని వదిలేసేది దాన్నే.

చూసిన క్షణం నుంచి విమానం దారి మళ్ళేదాకా పట్టే సమయాన్ని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 12.5 సెకన్లుగా లెక్కగట్టింది. చూడడానికి 0.1, అది విమానమని గుర్తించడానికి 1, ఢీకొనే దారిలో ఉందని గ్రహించడానికి 5, ఎటు తిప్పాలో నిర్ణయించుకోవడానికి 4, చేతులు కదలడానికి 0.4, విమానం స్పందించడానికి 2. వెనకనుంచి వచ్చేది మీకంటే 120 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) ఎక్కువ వేగంతో ఉంటే ఆ 12.5 సెకన్లలో 770 మీటర్లు దగ్గరవుతుంది. అంత దూరంలో 11 మీటర్ల రెక్కలున్న సెస్నా 172, చాచిన చేతి దగ్గర కొలిస్తే 9 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ పైలట్ దాన్ని అప్పటికే చూసి ఉండాలి, లేకపోతే లెక్క చాలదు.

చూసే తీరు కూడా నేర్చుకోవాల్సిందే. తల గిర్రున తిప్పితే కన్ను దేన్నీ పట్టుకోదు. పది డిగ్రీల చొప్పున ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్క మీద కనీసం ఒక సెకను ఆగాలి.

ఎడమ సర్క్యూట్‌లో బేస్ (ఫైనల్‌కి తిరిగే ముందు రన్‌వే దారికి అడ్డంగా వచ్చే భాగం) మీద ఉన్నప్పుడు రన్‌వే ఎడమ చేతివైపు ఉంటుంది. కళ్ళు అటే పోతాయి: ఎత్తు సరిపోతుందా, ఇప్పుడు తిప్పాలా? దూరం నుంచి నేరుగా ఫైనల్లో వచ్చేవాడు మాత్రం కుడివైపు ఉంటాడు, పక్క సీటులో ఉన్నవాళ్ళ ముఖం వెనక, డోర్ స్తంభం వెనక. ఫైనల్‌కి తిప్పే ముందు రెక్కలు సమంగా పెట్టి, ఒంటిని ముందుకు వంచి కుడివైపు పూర్తిగా చూడాలి. మేము సోలోకి, అంటే ఒంటరిగా నడపడానికి, పంపే ముందు చూసేవాటిలో ఇదొకటి. తల కుడికి తిరగని విద్యార్థికి ల్యాండింగ్ ఎంత మెత్తగా వచ్చినా సోలో లేదు.

రెక్క పైనుండే విమానం, అంటే సెస్నాలాంటిది, పైవైపు చూడలేదు. రెక్క కిందుండే పైపర్‌లాంటిది కిందికి చూడలేదు. పైపర్ పైన, సెస్నా కింద, ఇద్దరూ ఒకే ఫైనల్లో దిగుతుంటే ఎవరికీ ఎవరూ కనబడరు. చివరిదాకా.

అపోహ: టవర్ ఉన్న చోట ఆ బాధ్యత కంట్రోలర్‌దే.

కంట్రోలర్ రన్‌వే మీద దూరం పాటిస్తాడు: ముందున్నది ఖాళీ చేసేదాకా వెనకదాన్ని దిగనివ్వడు. గాల్లో సంగతి వేరు. మన దేశంలో టవర్ ఉన్న విమానాశ్రయాల చుట్టూ సాధారణంగా ఉండేది డి తరగతి గగనతలం. అందులో కళ్ళతో చూసి నడిపే విమానాల మధ్య ఎడం పాటించే పని కంట్రోలర్‌ది కాదు, ఎవరు ఎక్కడున్నారో చెప్పడం వరకే. "ట్రాఫిక్, సెస్నా ఆన్ ఫైనల్" అన్నాడంటే ఇకమీద చూసుకోవాల్సింది మీరు. కనబడితే "ట్రాఫిక్ ఇన్ సైట్" అనాలి. కనబడకపోతే "నెగటివ్ కాంటాక్ట్" అనడానికి సిగ్గుపడకూడదు. చూడకుండానే చూశానన్నవాడి కోసం కంట్రోలర్ ఇక ఇంకో ఏర్పాటు చేయడు.

2022 జులై 17న నార్త్ లాస్‌వెగాస్‌లో టవర్ పనిచేస్తూనే ఉంది. పక్కపక్కన రెండు రన్‌వేలు. పైపర్ పీఏ-46కి 30 ఎడమ రన్‌వే ఇచ్చారు, పైలట్ అదే రేడియోలో తిరిగి చదివాడు (విన్న ఆదేశాన్ని మళ్ళీ చెప్పాడు) కూడా. విమానం మాత్రం 30 కుడి రన్‌వే గీత మీదికి తిరిగింది, అక్కడ సెస్నా 172 దిగుతోంది. నలుగురు చనిపోయారు. తిరిగి చదవడం సరిగ్గా ఉంటే తిప్పడం కూడా సరిగ్గా ఉంటుందని టవర్ నమ్మడం తప్ప చేయగలిగింది కొంచెమే.

అపోహ: నేను ముందున్నాను, వాడు నాకు మూడు మైళ్ళు వెనక. చాలా దూరం.

మైళ్ళు కాదు, నిమిషాలు లెక్కపెట్టాలి. ఫైనల్లో 65 నాట్లతో వచ్చే సెస్నా 172కి నాలుగు మైళ్ళు రావడానికి 3 నిమిషాల 42 సెకన్లు పడుతుంది. 110 నాట్లతో వచ్చే ఏటీఆర్‌కి (ప్రొపెల్లర్ల ప్రయాణికుల విమానం) ఏడు మైళ్ళకి 3 నిమిషాల 49 సెకన్లు. మూడు మైళ్ళ ఎడం రన్‌వే దగ్గరికి వచ్చేసరికి ఏడు సెకన్లయింది. దూరంగా ఉన్నప్పుడు ఏటీఆర్ ఇంకా వేగంగా వస్తుంది కాబట్టి ఆ ఏడూ మిగలవు. రేణిగుంటలాగా ఏటీఆర్‌లు, ఎయిర్‌బస్‌లు దిగే చోటికి చిన్న విమానంతో వెళ్ళేవాళ్ళు ఈ లెక్క ముందే కాగితం మీద వేసుకోవాలి.

"నంబర్ టూ, ఫాలో..." అని టవర్ అన్నప్పుడు నంబర్ వన్, అంటే మీకంటే ముందు దిగేది, కళ్ళకి కనబడేదాకా బేస్ తిప్పకండి. డౌన్‌విండ్ (బేస్‌కి ముందు రన్‌వేకి సమాంతరంగా వెళ్ళే భాగం) పొడిగించండి, పొడిగిస్తున్నానని టవర్‌కి చెప్పండి. చెప్పాపెట్టకుండా ఫైనల్లో గుండ్రంగా తిరగడం మాత్రం వద్దేవద్దు: వెనకవాడికి మీరు ఎదురు వెళ్తారు.

అపోహ: రేడియోలో చెప్పేశాను, అందరూ విన్నారు.

విమానాల రేడియోలో ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే వినేవాళ్ళకి వచ్చేది కీచుమనే చప్పుడు. నొక్కిన ఇద్దరికీ అది తెలియదు. దానికితోడు ఒకే శిక్షణ సంస్థ విమానాల పేర్లు చివరి ఒక్క అక్షరంలోనే తేడాగా ఉండొచ్చు, ఒకరికిచ్చిన అనుమతి ఇంకొకరు తీసుకుంటారు. ఎక్కడున్నారో కచ్చితంగా చెప్పకపోవడం మరో జబ్బు. నాలుగు మైళ్ళకి మించితే "లాంగ్ ఫైనల్", లోపలైతేనే "ఫైనల్". ఆరు మైళ్ళ అవతలినుంచి "ఫైనల్" అని పిలిచినవాడి కోసం అందరూ తప్పుచోట వెతుకుతారు.

పిలుపు సరిగ్గా ఉన్నా సరిపోని రోజు ఉంటుంది. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో, టవర్ లేని చోట, సెస్నా 152 సర్క్యూట్‌లో ఉంది. రెండు ఇంజిన్ల సెస్నా 340 పది మైళ్ళ దగ్గరా మూడు మైళ్ళ దగ్గరా చెప్పుకుంటూనే నేరుగా వచ్చింది, కానీ దాదాపు 180 నాట్లతో. వెనకది చాలా వేగంగా వస్తోందని, తాను గో-అరౌండ్ చేస్తున్నానని (దిగడం మానుకుని మళ్ళీ పైకి లేస్తున్నానని) చిన్న విమానం పైలట్ చెప్పిన కొద్ది సెకన్లకే ఢీకొన్నాయి. ముగ్గురు పోయారు. మాట అందింది. ఆ వేగం ముందు టైమ్ చాల్లేదు.

అపోహ: టీకాస్ (విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే పరికరం) ఉంటే అదే తప్పిస్తుంది.

1996 నవంబరు 12న చర్ఖీ దాద్రి మీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 349 మంది చనిపోయాక మన దేశంలో ప్రయాణికుల విమానాలకి టీకాస్ తప్పనిసరి అయింది. శిక్షణ సెస్నాల్లో అది ఉండదు. ఉన్న విమానంలో కూడా నేలకు సుమారు వెయ్యి అడుగుల లోపుకి వస్తే "ఎక్కు, దిగు" ఆదేశాలు ఆగిపోతాయి. ఎదుటి విమానం ట్రాన్స్‌పాండర్ (తానెక్కడుందో సంకేతాలతో తెలిపే పరికరం) పనిచేయకపోతే అసలు కనిపెట్టనే లేదు.

అపోహ: కింద ఉన్నవాడిదే హక్కు.

సగం నిజం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో అనుబంధం 2 ప్రకారం దిగుతున్న రెండింటిలో పైనున్నది కిందున్నదానికి దారివ్వాలి. ఆ నియమం అక్కడితో ఆగదు: ఫైనల్ చివరి దశలో ఉన్నదాని ముందు దూరడానికి కిందున్నవాడు దీన్ని వాడుకోకూడదు. ఎత్తు తగ్గించి లోపలికి దూరేవాళ్ళు మొదటి వాక్యం చదివి పుస్తకం మూసేస్తారు.

అపోహ: దగ్గరగా కనబడగానే గట్టిగా వంచి తప్పుకోవాలి.

ఎదురెదురుగా అయితే ఇద్దరూ కుడికి, అది సరే. ఫైనల్లో 300 అడుగుల ఎత్తులో, 65 నాట్ల దగ్గర గట్టిగా వంచితే మీరే చనిపోతారు. 60 డిగ్రీల వంపులో ఎత్తు నిలబెట్టుకుంటూ తిరిగితే స్టాల్ వేగం (దానికంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) 1.41 రెట్లవుతుంది: ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) దించని సెస్నా 172లో 48 నాట్లు కాస్తా 68. సర్క్యూట్‌లో వంపు 30 డిగ్రీలు దాటకూడదు. ఫైనల్ గీత దాటిపోతే రడ్డర్ (తోక చుక్కాని) తొక్కి లాక్కురావద్దు, గో-అరౌండ్ చేయండి.

అదీ నిట్టనిలువుగా పైకి కాదు. కింద ఉన్నవాడు కూడా అదే క్షణంలో గో-అరౌండ్ చేస్తే నేరుగా మీ కడుపులోకి ఎక్కుతాడు. ముందు త్రాటిల్ పూర్తిగా, రెక్కలు సమం, ఫ్లాప్స్ 20 డిగ్రీలకి, 172 ఎస్‌లో అయితే 60 నాట్లు. ఆ వెంటనే రన్‌వే గీత నుంచి సర్క్యూట్ లేని పక్కకి, ఎడమ సర్క్యూట్ అయితే కుడికి, మెల్లగా జరగాలి. అప్పుడు రన్‌వే, దానిమీద ఉన్నవాడు ఎడమ సీటులో కూర్చున్న మీ కిటికీలో కనబడతారు. మాట్లాడటం ఆఖరి పని.

అపోహ: తగల్లేదు కదా, రిపోర్టు ఎందుకు?

ఇన్ని అడుగుల లోపు వస్తేనే ఎయిర్‌ప్రాక్స్ (విమానాలు ప్రమాదకరంగా దగ్గరకావడం) అని ఐకావో నిర్వచనంలో లేదు. దూరం, వేగం, స్థానం చూస్తే భద్రత దెబ్బతిని ఉండొచ్చని పైలట్‌కో కంట్రోలర్‌కో అనిపించినా చాలు. ఢీకొనే ముప్పు ఉండిందా, భద్రత కరువైందా, ముప్పేమీ లేదా, తేల్చలేమా అన్నది ఎ, బి, సి, డి అని వర్గీకరించడం విచారణ చేసేవాళ్ళ పని, మీది కాదు. టవర్‌కి రేడియోలోనే "ఎయిర్‌ప్రాక్స్" అని చెప్పండి. దిగాక అదే రోజు రాసివ్వండి: యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక) టైమ్, మీ ఎత్తు, వేగం, అవతలిది గడియారం ముల్లు లెక్కన ఎటువైపు, ఎంత పైన లేదా కింద, మొదట ఎప్పుడు చూశారు, ఏం చేశారు. ట్యాబ్‌లో జీపీఎస్ దారి ఉంటే చెరపొద్దు. టవర్ మాటల రికార్డు కనీసం 30 రోజులు ఉంచాలన్నది అంతర్జాతీయ నియమం. 31వ రోజు అడిగితే అది దొరుకుతుందన్న హామీ లేదు.