కటాఫ్ దాటితే ఆవేశాలు మాయమవుతాయా? పీఎంఈపై అపోహలు - వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మాలిక్యులర్ డైనమిక్స్ (అణువుల కదలికలను కంప్యూటర్‌లో లెక్కించడం) మొదలుపెడుతున్న తెలుగు విద్యార్థుల కోసం ఇది. మీ దగ్గర ఒక జీపీయూ ఉన్న డెస్క్‌టాప్, అందులో ఆ లెక్కలు చేసే గ్రోమాక్స్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయనుకుని రాస్తున్నాం. పీఎంఈ (పార్టికల్ మెష్ ఎవాల్డ్) అంటే ఆవేశాల మధ్య కూలంబ్ బలాలను లెక్కించే పద్ధతి, కటాఫ్ అంటే జంటలను నేరుగా లెక్కించే దూరానికి హద్దు.

అపోహ: ఆర్‌కూలంబ్ (కూలంబ్ కటాఫ్ సెట్టింగ్) 1.0 అంటే 1 నానోమీటరు అవతలి ఆవేశాలను వదిలేస్తారు.

వాస్తవం: పీఎంఈలో ఏ ఆవేశాన్నీ వదలరు. 1921లో ఎవాల్డ్ చూపిన దారిలో కూలంబ్ మొత్తాన్ని రెండుగా విడదీస్తారు. త్వరగా తగ్గిపోయే భాగాన్ని కటాఫ్ లోపల జంటలుజంటలుగా లెక్కిస్తారు. నెమ్మదిగా మారే భాగాన్ని గ్రిడ్ మీద పరిచి ఎఫ్‌ఎఫ్‌టీ (ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్)తో తేలుస్తారు. 1993లో డార్డెన్, యార్క్, పెడర్సన్ ఈ గ్రిడ్ పద్ధతి తెచ్చాక లెక్కింపు ఖర్చు ఎన్ లాగ్ ఎన్‌కు దిగింది (ఎన్ అంటే ఆవేశాల సంఖ్య). నిజంగా వదిలేసేది మామూలు కటాఫ్ పద్ధతి. దాంతో నీటి అణువుల అమరిక కటాఫ్ దగ్గరే చెడుతుంది.

అపోహ: కటాఫ్ పెంచితే ఫలితం మెరుగవుతుంది.

వాస్తవం: కటాఫ్‌నూ గ్రిడ్‌నూ కలిపే చూడాలి. ఎవాల్డ్-ఆర్‌టోల్ (కటాఫ్ దగ్గర అనుమతించే లోపం) 1e-5, కటాఫ్ 1.0 అయితే బీటా (ఆ రెండు భాగాలను ఎక్కడ విడదీయాలో చెప్పే సంఖ్య) సుమారు 3.12. కటాఫ్ 1.2 చేస్తే బీటా 2.6కు తగ్గుతుంది, గ్రిడ్ ఎడం 0.12 నుంచి 0.144కు పెంచినా కచ్చితత్వం దాదాపు అంతే ఉంటుంది. జంటల పని 1.73 రెట్లు పెరుగుతుంది, గ్రిడ్ బిందువులు అదే నిష్పత్తిలో తగ్గుతాయి. ఎండీరన్ (సిమ్యులేషన్ నడిపే గ్రోమాక్స్ కమాండ్) మొదట్లో చేసే ట్యూనింగ్ ఇదే, లాగ్‌లో కటాఫ్ మారిందని కంగారుపడకండి. లెనార్డ్-జోన్స్ (ఆవేశంతో సంబంధం లేని ఆకర్షణ-వికర్షణ) కటాఫ్‌ను మాత్రం అది ముట్టుకోదు, మీరూ ముట్టుకోకండి. అది ఫోర్స్ ఫీల్డ్‌లో (పరమాణువుల మధ్య బలాల సూత్రాల సమితిలో) భాగం.

అపోహ: మొత్తం ఆవేశం సున్నా కాకపోయినా పీఎంఈ సర్దుకుంటుంది.

వాస్తవం: సర్దుకుంటుంది, అదే చిక్కు. పెట్టె అంతటా సమానంగా పరిచిన వ్యతిరేక ఆవేశం ఉన్నట్టు లెక్కిస్తుంది. మెంబ్రేన్ ఉంటే ఆ ఆవేశం కొవ్వు పొరలోనూ ఉన్నట్టే, అయాన్ల పంపిణీ తప్పుతుంది. గ్రాంప్ (రన్‌కు ముందు ఇన్‌పుట్ సిద్ధం చేసే కమాండ్) హెచ్చరికలో 0.000001 కనిపిస్తే అది రౌండింగ్. -2 కనిపిస్తే జెనయాన్ కమాండ్‌తో అయాన్లు కలిపాకే ముందుకెళ్లండి.

అపోహ: రెండు డెస్క్‌టాప్‌లు కలిపితే వేగం రెట్టింపు.

వాస్తవం: మామూలు గిగాబిట్ కేబుల్ మీద చాలాసార్లు వేగం పడిపోతుంది. రోజుకు 100 నానోసెకన్లు నడిచే మెషీన్‌లో 2 ఫెమ్టోసెకన్ల స్టెప్ ఒక్కోటి 1.7 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. 7 నానోమీటర్ల పెట్టెకు 60×60×60 గ్రిడ్ అంటే 0.86 మెగాబైట్లు. ఎఫ్‌ఎఫ్‌టీ కోసం అందులో సగం ప్రతి స్టెప్‌లో రెండుసార్లు మెషీన్లు మారాలి. ఆ రవాణాకే 3 మిల్లీసెకన్లు దాటుతుంది. ఒక్కో డెస్క్‌టాప్‌లో వేర్వేరు ప్రారంభ వేగాలతో విడివిడి రన్‌లు పెట్టండి. గణాంకాలకు అవే ఎక్కువ పనికొస్తాయి.