జకార్తా యాస దేశం యాస ఎలా అయింది

దక్షిణ జకార్తా కుర్రకారు మాట మీద గొడవ మళ్లీ రాజుకుంది. ఇండోనేషియన్‌లో మొదలుపెట్టి మధ్యలో ‘లిటరల్లీ’, ‘విచ్ ఈజ్’ దొర్లించే ఆ మాటతీరును అక్కడ ‘జాక్సెల్ పిల్లల భాష’ అంటారు. జాక్సెల్ అంటే ‘జకార్తా సెలతాన్’, దక్షిణ జకార్తా. 2018లో సోషల్ మీడియాలో దీనిమీద పెద్ద రచ్చే జరిగింది. ప్రతి విడతా ఆరోపణ ఒక్కటే: దేశభాష పాడైపోతోందని.

దేశానికి ఒకే ఉమ్మడి భాష అని యువకులు ప్రమాణం చేసిన 1928 యువజన ప్రతిజ్ఞ, ఇండోనేషియన్‌కు మూలమైన మలయ్‌ని అందుకు ఎంచుకున్న కథ చాలామంది చెప్పినవే. ఈ గొడవకు అంత వెనక్కి వెళ్లనక్కర్లేదు. 1989 ఆగస్టు 24 దాకా వెళ్తే చాలు.

ఆ రోజు తొలి ప్రైవేటు టీవీ చానల్ ఆర్‌సీటీఐ మొదలైంది. మొదట్లో అది జకార్తాలో డీకోడర్ ఉన్న ఇళ్లకే వచ్చేది. 1962 నుంచి అప్పటిదాకా ఉన్నది ప్రభుత్వ చానల్ టీవీఆర్‌ఐ ఒక్కటే. అందులో వినిపించేది ఎక్కువగా బడి పుస్తకాల భాష. జకార్తా వీధి మాటకు సినిమాలు, కుర్రకారు పత్రికలు అప్పటికే కొంత దారి వేశాయి. ప్రైవేటు చానళ్లు, సీరియళ్లు, ప్రకటనలు దాన్ని సుమత్రా, సులావెసీ ఇళ్లలోకి రోజూ మోసుకెళ్లాయి. 700కు పైగా భాషలున్న దేశంలో ఒక్క నగరం యాస ‘మోడరన్’ అయింది, మిగతావి నవ్వులాటకు పనికొచ్చే యాసలయ్యాయి. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఇంగ్లిష్ కలపడం దాని తర్వాత వచ్చిన చిన్న అల.

ఇంతకీ ఆ జకార్తా మాట ఏమంత స్వచ్ఛమైనది? దాని పునాది జకార్తా పాతకాపుల మాట అయిన బెతావీ. డచ్చివాళ్ల కాలంలో బతావియా అనే ఆ ఊరికి బాలి నుంచి బానిసలు వచ్చారు, చైనా నుంచి వర్తకులు, కూలీలు వచ్చారు, అరబ్బులు వచ్చారు. 17వ శతాబ్దంలో మన కోరమాండల్ తీరంలోని పులికాట్ నుంచి కూడా డచ్చి ఓడల్లో మనుషుల్ని బానిసలుగా తీసుకెళ్లారు. అందరూ కలిసి అల్లుకున్న మాట అది. ‘నేను’ అనే ‘గువె’, ‘నువ్వు’ అనే ‘లు’ రెండూ హొక్కియెన్ చైనీస్ నుంచి వచ్చినవే. బజారులో పదివేలను ‘చెబాన్’ అనడమూ అంతే. ‘అయిపోయింది’ అనే ‘సుదా’లో సకారం ఎగిరిపోయి ‘ఉదా’ అయింది, ‘అయితే’ అనే ‘కలావ్’ కాస్తా ‘కలో’ అయింది. ఇంగ్లిష్ ముక్కల్ని చూసి మండిపడే పెద్దలు కూడా ఇంట్లో ‘ఉదా’ అనే అంటారు.

దెబ్బ తగిలింది మిగతా యాసలకు. జావా యాస బరువుగా పలికితే ‘మెదొక్’ అంటారు. కామెడీ సీరియళ్లలో పనిమనిషి పాత్రకు ఆ యాస తగిలించి నవ్వించారు. తెగల్, బన్యుమాస్ ప్రాంతాల ‘ఙపక్’ యాస హాస్యనటులకు ముడిసరుకైంది. పశ్చిమ జావాలోని సుండా వాళ్లు ‘ఫ’ను ‘ప’ అంటారని వెక్కిరింత. మరి 1998 దాకా దేశాన్నేలిన సుహార్తో జావా యాసలో ‘కన్’ ప్రత్యయాన్ని ‘కెన్’ అని పలికేవారు. ఎవరూ నవ్వలేదు. అధికారులూ అలాగే పలకడం మొదలుపెట్టారు. యాసకు మర్యాద ఇచ్చేది దాని ధ్వని కాదు, పలికే మనిషి హోదా. ఈ అన్యాయం గురించి మాట్లాడాల్సినంత మాట్లాడటం లేదనేదే నా బాధ.

లిపి కూడా దీనికి తోడైంది. ఇండోనేషియన్‌లో ‘ఎ’ ధ్వని వేరు, నోరు సగం తెరిచి మింగినట్టు పలికే అచ్చు వేరు. పాత రాతలో గుర్తు పెట్టి వాటిని విడిగా చూపేవారు. 1947 సంస్కరణలో ఆ గుర్తు పోయింది. 1972లో కొత్త స్పెల్లింగ్ వచ్చినా తిరిగి రాలేదు. ‘తెరస్’ను ఒకలా పలికితే ఇంటి వరండా, ఇంకోలా పలికితే కర్రలోని చేవ. రాతలో తేడా లేదు. మింగిన అచ్చు తమ భాషలో లేని సుమత్రాలోని తోబా బతక్ వాళ్లు రెండింటినీ ‘ఎ’ అనే పలుకుతారు, అందుకూ మాటలు పడతారు. ఉచ్చారణ చూపడానికి గుర్తులు వాడొచ్చని 2022 స్పెల్లింగ్ నియమావళి చెప్పింది.

ప్రభుత్వ భాషా సంస్థ నినాదంలో ఇండోనేషియన్‌కు మొదటి చోటు, ప్రాంతీయ భాషలకు రక్షణ, విదేశీ భాషల్లో పట్టు ఉన్నాయి. 2009 నాటి 24వ చట్టం అధికార పత్రాలు, ఒప్పందాలు, బోర్డుల భాష గురించి చెబుతుంది. కాఫీ షాపులో స్నేహితులు ఎలా మాట్లాడుకోవాలో అందులో లేదు.

అసలు ‘బహాస ఇండోనేసియా’ అనే ఆ భాష పేరులోని ‘బహాస’ అన్న మాటే సంస్కృత ‘భాష’ ఒత్తు విడిపోయి మారిన రూపం. ఇక జాక్సెల్ కుర్రాడు ‘షేర్ చేశా’ అనాలంటే ‘ఙెషేర్’ అంటాడు. షేర్ ఇంగ్లిష్‌దే, ముందున్న ‘ఙె’ మాత్రం జావా, బెతావీ నోళ్లలో ఎప్పటినుంచో ఉన్నది.