సమురాయ్ ధర్మం: చదివేవాళ్ల అపోహలు – వాస్తవాలు

నేను జపనీస్ నేర్పుతాను. క్లాసులో చేరేవాళ్లలో చాలామంది ‘బుషిదో’ (జపాన్ పాతకాలపు యోధులైన సమురాయ్‌ల ధర్మం) మీద ఏదో ఒక పుస్తకం చదివే వస్తారు. ఆ ఇష్టం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ పుస్తకం ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం రాశారని అడిగితే జవాబు రాదు. నేను మాత్రం పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: సమురాయ్‌లందరికీ ఏడు సూత్రాల నియమావళి ఒకటి ఉండేది.

వాస్తవం: అందరికీ కలిపి అలాంటి రాత ఏదీ లేదు. ఒక్కో వంశంలో పెద్దలు వారసులకు రాసిపెట్టిన హితవులు ఉండేవి. 1615లో అప్పటి జపాన్‌ను ఏలుతున్న తొకుగవా వంశపు ప్రభుత్వం తెచ్చిన శాసనం కూడా కోటల మరమ్మతులు, పెళ్లిళ్ల అనుమతుల వంటివాటితో సంస్థానాల ప్రభువులను అదుపులో పెట్టడానికే. మనం వినే గుణాల జాబితా ఎక్కువగా నితోబె ఇనజో పుస్తకం నుంచి వచ్చింది. ఆయన సమురాయ్ ఇంట్లోనే పుట్టాడు. కానీ సమురాయ్ వ్యవస్థ కూలేనాటికి చిన్నపిల్లాడు. మీ బడుల్లో మతబోధ లేకుండా నీతి ఎలా నేర్పుతారని బెల్జియం పండితుడొకరు అడిగిన ప్రశ్న ఆయన్ని వెంటాడింది. అందుకే 1900లో వచ్చిన ఆ పుస్తకాన్ని విదేశీయుల కోసం ఇంగ్లిష్‌లో రాశాడు. మంచి పుస్తకమే, తప్పకుండా చదవండి. అయితే అది మధ్యయుగాల నాటి సాక్ష్యం కాదు.

అపోహ: సమురాయ్ జీవితం మీద పేరున్న ‘హగకురె’ అనే పుస్తకం యుద్ధాల్లో రాటుదేలిన వీరుడి మాట.

వాస్తవం: అందులో మాట్లాడే యమమోతో త్సునెతోమో పుట్టింది 1659లో. అప్పటికే దేశంలో యుద్ధాలు ఆగిపోయాయి. సగా సంస్థానంలో ప్రభువు దగ్గర కొలువు చేశాడు. 1700లో ప్రభువు పోయినప్పుడు వెంట ప్రాణం తీసుకునే ఆచారం అప్పటికే నిషేధంలో ఉండటంతో సన్యాసం పుచ్చుకున్నాడు. తర్వాత ఆయన చెప్పినవన్నీ ఒక యువకుడు రాసిపెట్టాడు. సమురాయ్ మార్గం మరణంలోనే ఉందన్న వాక్యాన్ని ఆ దుఃఖంతో కలిపి చదవాలి, లేదంటే పోస్టర్ మీద నినాదంలా మిగిలిపోతుంది. పదిమందిలో ఆవలింత వస్తే నుదురు పైకి రుద్దుకో అనే సలహా కూడా అదే పుస్తకంలో ఉంది! నాకు ఆ పేజీలంటేనే ఎక్కువ ఇష్టం. కొలువు చేసే మనిషి రోజువారీ టెన్షన్ అక్కడ కనిపిస్తుంది.

అపోహ: పేరుమోసిన కత్తివీరుడు మియమోతో ముసాషి రాసిన పుస్తకం నీతిగ్రంథం.

వాస్తవం: కాదు. 1645 ప్రాంతంలో పూర్తయిన ఆ పుస్తకం కత్తిపోరు గురించి, గెలిచే పద్ధతి గురించి.

అపోహ: సమురాయ్ ప్రభువుకు ద్రోహం చేయడు.

వాస్తవం: 1582లో ఒద నొబునగా అనే బలమైన ప్రభువు మీద తిరగబడింది ఆయన సేనాని అకెచి మిత్సుహిదెనే. 1600లో సెకిగహారా దగ్గర జరిగిన పెద్ద యుద్ధం మధ్యలో కొబయకవా హిదెఅకి అనే ప్రభువు తన సేనతో పక్షం మార్చాడు.

అపోహ: 47 మంది రోనిన్‌లు (ప్రభువు లేని సమురాయ్‌లు) ఆదర్శమని అందరూ ఒప్పుకున్నారు.

వాస్తవం: 1703లో వాళ్లు, తమ ప్రభువు చావుకు కారణమనుకున్న శత్రువును చంపి పగ తీర్చుకున్నాక పండితుల్లో పెద్ద వాదమే నడిచింది. మురో క్యూసో ధర్మవీరులన్నాడు. సతో నవొకత చట్టం మీరారన్నాడు. ‘హగకురె’లో త్సునెతోమో కోపం వేరు: దాదాపు రెండేళ్లు ఎందుకు ఆగారు, ఈలోగా శత్రువు జబ్బుచేసి పోయి ఉంటే ఏం చేసేవారు? ఈ మూడు మాటలూ పక్కపక్కన పెట్టి చదివించిన రోజు, టైమ్ అయిపోయినా క్లాసులో ఒక్కరూ లేవలేదు.